500 కోట్ల ప్రాణాలు, ఒక్క దెబ్బ

1980లో వచ్చిన మార్వెల్ వారి కామిక్ ఎక్స్‌మెన్ 135వ సంచికలో హీరోయిన్ జీన్ గ్రే ఒక నక్షత్రాన్ని మింగేసింది. ఆకలి తీరడానికి. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద డిబారీ అనే జాతి ఉండేది, మొత్తం 500 కోట్ల మంది. ఒక్కరూ మిగల్లేదు. మరుసటి ఏడాది, 1981 నవంబరు తేదీ వేసుకుని వచ్చిన మరో మార్వెల్ కామిక్ అవెంజర్స్ 213వ సంచికలో, ఆ జట్టు హీరో హ్యాంక్ పిమ్ తన భార్య జానెట్‌ని కొట్టాడు. ఒక్క ప్యానెల్, అంటే పేజీలో ఒక్క బొమ్మ గడి, ఒక్క దెబ్బ.

ఈ రోజు బెంగళూరులో కామిక్స్ చదివే తెలుగు కుర్రాళ్లు నలుగురు ఎక్కడ చేరినా, అది మారతహళ్లి పీజీ మెట్ల మీదైనా కామిక్ కాన్ క్యూలోనైనా, హ్యాంక్ పిమ్ పేరెత్తగానే వచ్చే మొదటి మాట ఒకటే: ‘పెళ్లాన్ని కొట్టినోడు కదా!’ జీన్ పేరెత్తితే మాత్రం అభిమానం పొంగుతుంది. డిబారీ అన్న పేరు గుర్తున్నవాళ్లు ఆ నలుగురిలో ఒకరుంటే గొప్ప.

ఇందులో పాఠకుల తప్పేమీ లేదు. కామిక్స్‌లో ఒక పని క్షమించరానిదిగా మిగిలిపోవడానికి చచ్చినవాళ్ల లెక్కతో పెద్దగా సంబంధం లేదు. దెబ్బ తిన్నవాళ్లకి ఒక పేరు, ఒక ముఖం ఉన్నాయా, తర్వాతి సంచికల్లో నోరు విప్పే అవకాశం వచ్చిందా అన్నది మొదటి సంగతి. ఆ హీరోకి ఈ తప్పు తప్ప చెప్పుకోదగ్గ కథ ఇంకేమైనా ఉందా అన్నది రెండోది. డిబారీలకి పేజీ మీద దక్కింది కొన్ని ప్యానెల్‌లు. జానెట్ 1963 నుంచీ ఉంది, ఆ తర్వాతా నిలిచింది, అవెంజర్స్‌కి నాయకురాలైంది. ఆమె కనిపించిన ప్రతిసారీ ఆ దెబ్బ గుర్తొస్తుంది.

ఆ 213వ సంచికలో ఏం జరిగిందో వరసగా చూడాలి, ఎందుకంటే చాలామందికి ఆ ఒక్క ప్యానెలే తెలుసు. దానికి ముందు 212లో హ్యాంక్ పోరాటం ఆపేసిన ప్రత్యర్థిని వెనక నుంచి కొడతాడు. అందుకు తోటి అవెంజర్స్ అతన్ని విచారణకి పిలుస్తారు. పరువు నిలబెట్టుకోడానికి అతను ఒక రోబోని తయారుచేస్తాడు. విచారణ మధ్యలో అది అందరి మీదా దాడి చేయాలి, దాని బలహీనత తనకొక్కడికే తెలుసు కాబట్టి తనే దాన్ని ఆపి మళ్లీ హీరో అనిపించుకోవాలి. ఇదీ పథకం. జానెట్ దాన్ని కనిపెట్టి వద్దంటుంది. అప్పుడు పడుతుంది ఆ దెబ్బ. చెయ్యి బారుగా విసిరిన హ్యాంక్, వెనక్కి తూలి పడిపోతున్న జానెట్. తర్వాత ఆమె కంటి చుట్టూ కమిలిన నలుపు కనిపిస్తుంది. చివరికి ఆ రోబోని ఆపేది కూడా ఆమే. ఈ చివరి సంగతి చర్చల్లో ఎప్పుడూ జారిపోతుంది.

ఆ ప్యానెల్ పుట్టుక తెలిస్తే మనసు ఇంకా కలుక్కుమంటుంది. మార్వెల్‌లో అప్పటి పద్ధతి ప్రకారం రచయిత ముందు కథ నడక మాత్రం రాసిచ్చేవాడు, దాన్నిబట్టి చిత్రకారుడు పేజీలు గీసేవాడు, ఆ తర్వాతే మాటలు పడేవి. ఈ సంచిక రాసింది జిమ్ షూటర్. గీసింది బాబ్ హాల్. హ్యాంక్ విసుగ్గా చెయ్యి విదిలిస్తే పొరపాటున జానెట్‌కి తగలాలన్నది తన ఉద్దేశమని, గీసి వచ్చేసరికి అది నిండు దెబ్బ అయిందని, మార్చడానికి సమయం లేకపోయిందని షూటర్ ఏళ్ల తర్వాత రాశారు. అంటే 40 ఏళ్లకు పైగా ఒక పాత్రని వెంటాడుతున్న పని, రచయిత చెప్పిన ప్రకారం, అచ్చుకి పంపాల్సిన గడువు వల్ల అలా నిలిచిపోయింది. అయినా అచ్చయ్యాక పాఠకుడికి దక్కేది బొమ్మే. రచయిత ఉద్దేశం బొమ్మలో లేకపోతే అది కథలో లేనట్టే.

ఇదే హ్యాంక్ 1968లో అల్ట్రాన్ అనే యంత్రాన్ని సృష్టించాడు. 1999 నాటి అవెంజర్స్ కథలో ఆ అల్ట్రాన్ స్లొరేనియా అనే దేశంలో జనాన్నంతా చంపేసింది. ఆ పాపంలో హ్యాంక్‌కి వాటా లేదని ఎవరూ అనలేరు. కానీ అతన్ని స్లొరేనియా పేరుతో తిట్టేవాళ్లు కనిపించరు.

ఇక స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్ సంగతి. 1995లో స్పెక్టాక్యులర్ స్పైడర్‌మ్యాన్ 226వ సంచికలో, తాను అసలు మనిషిని కాదు క్లోన్‌ని అని తెలిసిన కోపంలో పీటర్ విసిరిన చెయ్యి భార్య మేరీ జేన్‌కి తగిలి ఆమె ఎగిరిపడుతుంది. అప్పుడామె గర్భవతి. హ్యాంక్ చేసినదానికంటే ఇది ఏ రకంగానూ చిన్నది కాదు. కానీ ‘పెళ్లాన్ని కొట్టినోడు’ అన్న బిరుదు పీటర్‌కి అంటలేదు. అప్పటికే అతని పేరు మీద 30 ఏళ్లకి పైగా గట్టి కథలున్నాయి, నెలకి నాలుగు పత్రికలు నడుస్తున్నాయి, తర్వాతి నెల మరో గొడవ వచ్చి దీన్ని కప్పేసింది. హ్యాంక్‌కి సొంత పత్రిక లేదు. అతని జీవితంలో పాఠకుల మనసుకి తగిలిన ఘట్టం అదొక్కటే, అందుకే ప్రతి కొత్త రచయితా అక్కడికే వెళ్లి తవ్వాడు. 2002లో మొదలైన ది అల్టిమేట్స్, అవే పాత్రల్ని వేరే లోకంలో పెట్టి చెప్పే పత్రిక, ఆ ఘట్టాన్ని మరింత భయంకరంగా తిరగరాసింది. అక్కడ హ్యాంక్ జానెట్ మీదికి చీమల్ని ఉసిగొల్పుతాడు. రెండు వేర్వేరు లోకాల కథలు పాఠకుల తలలో కలిసిపోయి పాత హ్యాంక్ మీద కొత్త మరక కూడా పడింది. ఆ మరక అతనిది కాదు.

తప్పు కడగడానికి కామిక్స్‌లో ఎక్కువగా వాడే పద్ధతి రెట్‌కాన్. జరిగిన కథని కొట్టేయకుండా, దాని వెనక ఇంకేదో ఉందని తర్వాత చెప్పడం. మంచి చేతుల్లో అది పాత కథకి లోతు పెంచుతుంది, లేకపోతే మసిపూసి మారేడుకాయ చేస్తుంది. జీన్ విషయంలో ఏమైందో వివరంగా చూడాలి, ఎందుకంటే ఒకరి పాపం కడగబోయి ఆ నీళ్లు పక్కవాళ్ల మీద ఎలా చల్లారో ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనిపించదు.

ఎక్స్‌మెన్ రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ ముందు అనుకున్న ముగింపులో జీన్ శక్తులు పోగొట్టుకుని బతుకుతుంది. అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. ఒక గ్రహాన్ని మాడ్చేసినవాళ్లు అలా ఇంటికెళ్లిపోతే ఎలా అన్నది ఆయన పట్టు. దాంతో 1980 సెప్టెంబరు తేదీతో వచ్చిన 137వ సంచికలో చంద్రుడి మీద జీన్ తన ప్రాణం తానే తీసుకుంది. ముందు గీసిన ముగింపు 1984లో విడిగా అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే షూటర్ పట్టుదల ఎంత మేలు చేసిందో తెలుస్తుంది. జీన్ చావు ఆ 500 కోట్ల మందికి కథ చెల్లించిన బాకీ.

కానీ బాకీ తీరినట్టు ఉండనివ్వలేదు. పాత ఎక్స్‌మెన్ అయిదుగుర్నీ కలిపి కొత్త పత్రిక పెట్టాలనుకున్నారు, జీన్ కావాలి. హంతకురాలిగా మాత్రం తిరిగి రాకూడదు. దారి చూపింది అప్పటికింకా కుర్రాడైన కర్ట్ బ్యూసిక్: నక్షత్రాన్ని తిన్నది జీన్ కాదు, ఆమె రూపం తీసుకున్న ఫీనిక్స్ అనే విశ్వశక్తి. అసలు జీన్ జమైకా బే నీళ్ల అడుగున ఒక గూడులో నిద్రలో ఉంది. 1986 జనవరి తేదీతో వచ్చిన అవెంజర్స్ 263, ఫెంటాస్టిక్ ఫోర్ 286 ఈ సంగతి చెప్పి ఆమెని పైకి తెచ్చాయి.

జీన్ చేతులు శుభ్రమయ్యాయి. కానీ ఈలోగా జీన్ ప్రేమించిన సైక్లాప్స్, అంటే ఎక్స్‌మెన్ నాయకుడు స్కాట్ సమ్మర్స్, 1983లో ఎక్స్‌మెన్ 175వ సంచికలో మ్యాడ్‌లిన్ ప్రయర్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకి నేథన్ అనే కొడుకు పుట్టాడు. జీన్ బతికుందని ఫోను రాగానే స్కాట్ భార్యనీ పసివాణ్ణీ వదిలి వెళ్లిపోయాడు. ఆ కొత్త పత్రిక ఎక్స్‌ఫ్యాక్టర్ మొదటి సంచిక అలా మొదలవుతుంది. అప్పటిదాకా జట్టులో అందరికంటే బాధ్యత తెలిసినవాడు అతనే. ఇక ఆ తప్పు కడగాలి కాబట్టి మ్యాడ్‌లిన్‌ని చెడ్డదాన్ని చేశారు. ఆమె జీన్ క్లోన్ అన్నారు, 1988-89లో వచ్చిన ఇన్ఫర్నో కథలో పిశాచాల రాణిగా మార్చారు, సొంత బిడ్డని బలివ్వబోయినట్టు రాశారు, చంపేశారు. ఏ తప్పూ చేయని ఒక ఆడమనిషి, ఇద్దరు హీరోల పేరు నిలబెట్టడానికి, మూడేళ్లలో ఇల్లాలి నుంచి రాక్షసిగా మారింది. కథలో జీన్ చేసినదానికంటే కథ బయట మ్యాడ్‌లిన్‌కి జరిగినదే పెద్ద అన్యాయం.

డీసీ కామిక్స్ హీరో హాల్ జోర్డన్ విషయంలో రెట్‌కాన్ ఇంతకంటే చక్కగా కుదిరింది, లోపం ఉన్నా. శక్తినిచ్చే ఉంగరాలతో అంతరిక్షాన్ని కాపాడే గ్రీన్ లాంటర్న్ దళంలో అతనొకడు. 1993లో సూపర్‌మ్యాన్ 80వ సంచికలో అతని ఊరు కోస్ట్ సిటీ 70 లక్షల మందితో బూడిదైంది. ఆ మరుసటి ఏడాది గ్రీన్ లాంటర్న్ 48, 49, 50 సంచికల్లో హాల్ తన తోటి లాంటర్న్‌ల మీద పడి ఉంగరాలు లాక్కున్నాడు. 49వ సంచిక అట్ట మీద వేళ్లన్నిటికీ ఉంగరాలున్న హాల్ బొమ్మ ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. 50లో తోటి లాంటర్న్ కిలోవాగ్‌ని కాల్చేశాడు, పాత శత్రువు సినెస్ట్రో మెడ విరిచాడు. పత్రికకి వేరే రచయిత వేరే కథ అనుకుని ప్రకటించాక, సంపాదకులు దాన్ని పక్కన పెట్టి రాన్ మార్జ్‌ని తెచ్చి ఈ మూడు సంచికలూ రాయించారు. పతనం అంత హడావిడిగా అనిపించడానికి కారణం అదే. 30 ఏళ్లకి పైగా నమ్మకం పెంచిన హీరో పడిపోవడానికి మూడు నెలలు చాలవు.

2004లో జెఫ్ జాన్స్ రాసిన గ్రీన్ లాంటర్న్ కథ రీబర్త్, మొత్తం ఆరు సంచికలు, దానికి విరుగుడు. హాల్‌ని పట్టింది పారలాక్స్ అనే భయభూతం అని చెప్పింది. ఇందులో ఒక చిన్న వివరం చూడండి. అంతకుముందు హాల్ కణతల దగ్గర జుట్టు నెరిసినట్టు గీసేవాళ్లు, వయసు తెలియడానికి. ఆ నెరుపే పారలాక్స్ లోపలికి దిగిన గుర్తు అని జాన్స్ రాశాడు. అప్పటికే అచ్చయిన బొమ్మల్లోంచి సాక్ష్యం తీయడం అంటే ఇది. పాత సంచికలు మళ్లీ తిరగేస్తే ప్రతి పేజీలో ఆ తెల్లవెంట్రుకలు కనిపిస్తాయి.

లోపం ఏమిటంటే, భూతం చేసిందంటే హాల్ ఏమీ చేయలేదన్నమాటే. తప్పుతో పాటు పశ్చాత్తాపానికీ చోటు పోతుంది. జాన్స్‌కి ఇది తెలుసు. అందుకే 2006లో, హాల్ ఉంగరాలు లాక్కుని అంతరిక్షంలో చావుకి వదిలేసిన లాంటర్న్‌లు కొందరు బతికే ఉన్నారని చూపించాడు. వాళ్లు తిరిగొచ్చారు కానీ హాల్‌ని నమ్మలేదు. భూతం సంగతి తెలిసీ నమ్మలేదు. రీబర్త్ కంటే నిజాయితీ అక్కడే ఎక్కువ ఉంది.

ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్‌కి దొరికిన దారి మరీ సులువు. 2006లో, హీరోలు రెండు పక్షాలుగా కొట్టుకున్న సివిల్ వార్ 4వ సంచికలో, అతని పక్షం తయారుచేసిన థోర్ క్లోన్ అవతలి పక్షం హీరో బిల్ ఫాస్టర్‌ని చంపింది. తర్వాత టోనీ శత్రువులకి రహస్యాలు చిక్కకుండా తన మెదడులో ఉన్నదంతా చెరిపేసుకున్నాడు. 2010కల్లా పాత కాపీ నుంచి జ్ఞాపకాలు తిరిగి ఎక్కించారు. ఆ కాపీ సివిల్ వార్‌కి ముందుది. చేసిన పని లోకమంతటికీ గుర్తుంది, చేసినవాడికి లేదు. క్షమాపణ అడగాల్సిన మనిషే ఆ గదిలో లేకుండా పోయాడు.

ఏది సరిగ్గా కుదిరిందో చూడాలంటే బాధితులు మాట్లాడిన కథలు వెతకాలి. మనకిది కొత్త కాదు. కిష్కింధకాండలో బాణం దెబ్బకి కూలిన వాలి, ప్రాణం పోయేలోపు రాముణ్ణి నిలదీస్తాడు. చాటు నుంచి కొట్టడం ఏ ధర్మం అని అడుగుతాడు. వాల్మీకి ఆ ప్రశ్నల్ని కుదించలేదు, వాలి నోరు నొక్కలేదు. రాముడి జవాబు ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ ఇప్పటికీ ఉన్నారు, కానీ ప్రశ్న మాత్రం కథలోనే ఉంది.

అవెంజర్స్‌లో అలాంటి ఘట్టం ఒకటుంది. 1980 అక్టోబరు నాటి 200వ సంచికలో, మార్కస్ అనేవాడు యంత్రాల సాయంతో జట్టులోని కేరల్ డాన్వర్స్ మనసు లొంగదీసి ఆమెకి గర్భం వచ్చేలా చేస్తాడు. తర్వాత వెంట తీసుకుపోతాడు. తోటి హీరోలు అదేదో ప్రేమకథ అన్నట్టు సాగనంపుతారు. ఒక్కరికీ అనుమానం రాదు. ఆ సంచిక చూసి మండిపడిన క్లేర్‌మాంట్ 1981లో అవెంజర్స్ 10వ యాన్యువల్, అంటే ఏడాదికోసారి వచ్చే ప్రత్యేక సంచిక, రాశాడు. కేరల్ తిరిగొచ్చి వాళ్లందరి ముందూ నిలబడి, నాకు సాయం కావాల్సినప్పుడు మీరు నన్ను వాడికి అప్పగించారు అని చెబుతుంది. ఆ పేజీల్లో అవెంజర్స్ దగ్గర జవాబు లేదు. భూతం లేదు, క్లోన్ లేదు, పాత సంచికలో ఒక్క సంఘటన కూడా మారలేదు. మారింది చదివేవాడి చూపు.

సూపర్‌మ్యాన్‌దీ అలాంటిదే. 1988లో 22వ సంచికలో అతను ముగ్గురు నేరస్థుల్ని పచ్చ క్రిప్టోనైట్‌తో చంపాడు. రాసిన జాన్ బర్న్ ఆ సంచికతో పత్రిక వదిలేశాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ చావుల్ని గాలికి వదలలేదు. సూపర్‌మ్యాన్ మనసు చెదిరి, తనకే తెలియకుండా రాత్రుళ్లు గ్యాంగ్‌బస్టర్ అనే ముసుగు హీరో వేషంలో తిరిగినట్టు రాశారు. అది తెలిశాక అతను తనవల్ల ఎవరికీ హాని జరగకూడదని భూమిని వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోయాడు. రచయిత మారినా బాధ్యత చేతులు మారి కొనసాగింది. ఇది అరుదు.

ఎందుకు అరుదో పత్రిక నడిచే తీరులోనే ఉంది. నెలకి 20 నుంచి 22 పేజీలు. రచయిత వెళ్లిపోతే అతను విత్తిన కథకి కాపలా ఉండదు. మధ్యలో అన్ని పత్రికల్నీ కలిపే పెద్ద కథ వస్తే చిన్నవి ఆగిపోతాయి. ఇక ప్రచురణ సంస్థే మూతపడితే అడిగే నాథుడుండడు.

మిరాకిల్‌మ్యాన్ అనే హీరో పత్రిక ఆ చివరి రకం. 1988 నాటి 15వ సంచికలో ఒక రాక్షసుడి చేతిలో లండన్ శవాల గుట్ట అయ్యాక, వాడు మామూలు రూపానికి మారితే మిరాకిల్‌మ్యాన్ చేతుల్లో మిగిలింది ఏ పాపం ఎరగని జానీ బేట్స్ అనే పిల్లాడు. ఆ పిల్లాడు ఒక్క మాట పలికితే లోపలి రాక్షసుడు మళ్లీ వస్తాడు. మిరాకిల్‌మ్యాన్ వాణ్ణి ఓదారుస్తూనే చంపేస్తాడు. ఆ తర్వాత లోకాన్ని స్వర్గంలా కట్టాడు కానీ, ఆ స్వర్గం ఆ పిల్లాడి మీద కట్టినది. దీని పర్యవసానం ఏమిటో తేలాల్సిన కథ 1993లో 24వ సంచిక దగ్గర ఆగింది. ప్రచురణకర్త ఎక్లిప్స్ మూతపడింది, హక్కుల గొడవ కోర్టుకెక్కింది. 2009లో మార్వెల్ కొన్నాక కూడా కథ ముందుకి కదలడానికి 2022 దాకా పట్టింది.

బెంగళూరుకీ ఇలాంటి కంచికి చేరని కథ ఒకటుంది. 2006లో మొదలైన వర్జిన్ కామిక్స్‌కి ఇక్కడ స్టూడియో ఉండేది. దేవి, ది సాధు, రామాయణ్ 3392 ఏడీ ఆ సంస్థవే. 2008 ఆగస్టులో న్యూయార్క్ ఆఫీసు మూసేశాక సంస్థ చేతులు మారి లిక్విడ్ కామిక్స్ అయింది, నెలనెలా రావడం ఆగిపోయింది. దేవి 20 సంచికలతో నిలిచింది. మన దేవతల్ని, మన నగరాల్ని అంత ఖరీదైన రంగుల్లో గీసిన పని మళ్లీ రాలేదు కాబట్టి ఈ నష్టం బెంగళూరు పాఠకులకి ఇంకా గట్టిగా తగలాలి.

ఈ కథలు చదవాలనుకునేవాళ్లు చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లో వెతికేటప్పుడు అంకెని నమ్మకూడదు. అవెంజర్స్ అంకెలు 1996 తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాయి. కాబట్టి ‘19’ అంటే 1965 కావచ్చు, స్లొరేనియా కథ వచ్చిన 1999 కావచ్చు. లోపల పేజీ అడుగున సన్న అక్షరాల్లో నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడాలి. అట్ట మీద నెల అసలు అమ్మకానికి వచ్చిన నెల కంటే రెండు మూడు నెలలు తర్వాతిదై ఉంటుంది, వరస పెట్టుకునేటప్పుడు ఇది తికమక పెడుతుంది. జీన్ కథకి 129 నుంచి 138 దాకా ఉన్న సంపుటం చాలు. అంత్యక్రియలతో ముగుస్తుంది, అక్కడ ఆగిపోతే నిండు కథ. హ్యాంక్‌ది అలా కాదు. 212 ఒక్కటీ 213 ఒక్కటీ చదివి వదిలేస్తే దెబ్బ మాత్రమే మిగులుతుంది. విడాకులు, జైలు, కోర్టు విచారణ, చివరికి తనంతట తాను జట్టుని వదిలి వెళ్లడం, ఇవన్నీ 230 దాకా సాగుతాయి. రోజర్ స్టర్న్ రాసిన ఆ చివరి సంచికల్లో హ్యాంక్‌కి దక్కిన గౌరవం చూడనివాళ్లే ఎక్కువ. హాల్ కథకి 48 నుంచి కాకుండా సూపర్‌మ్యాన్ 80, గ్రీన్ లాంటర్న్ 46తో మొదలుపెట్టాలి, లేకపోతే అతని కోపం ఎక్కడిదో తెలియదు.

పీటర్, మేరీ జేన్‌ల కథకి ముగింపు మాత్రం ఏ సంపుటంలోనూ దొరకదు. ఆ దెబ్బ తిన్న మరుసటి ఏడాది, 1996లో, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 418వ సంచికలో మేరీ జేన్ ప్రసవించింది. బిడ్డ దక్కలేదన్నారు. కానీ ఆసుపత్రిలో ఉన్న ఆలిసన్ మాంగ్రెయిన్ పీటర్ శత్రువు గ్రీన్ గాబ్లిన్ మనిషి అని, బిడ్డని మాయం చేసి ఉంటుందని కథే సూచించింది. 1998లో అదే ఆలిసన్ తిరిగొచ్చి ‘మే బతికే ఉంది’ అంది. పాప పేరు మే. పాఠకులు ఊపిరి బిగబట్టారు. బతికున్నది 1995లో చనిపోయిందన్న పెద్దావిడ, పీటర్‌ని పెంచిన తల్లి మే అత్త అని తేలింది. 2007లో ఆ మే అత్త ప్రాణం కోసం పీటర్ మెఫిస్టో అనే సైతానుతో బేరం కుదుర్చుకుని తన పెళ్లినే చరిత్రలోంచి చెరిపించుకున్నాడు. వేరే లోకంలో ఆ పాప పెరిగి స్పైడర్‌గర్ల్ అయింది, 1998 నుంచి ఏళ్లపాటు ఆమె పత్రిక నడిచింది. అసలు లోకంలో ఆ ఆసుపత్రి గదిలోంచి బిడ్డ ఎటు వెళ్లిందో ఒక్క సంచికా చెప్పలేదు.